నూటికి ఒక కిలో

దసరా పోయిన తొమ్మిదో రోజు, పత్తి బండ్లు గేటు దాటి రోడ్డు దాకా నిలబడి ఉన్న వేళ, కాంటా గదిలోని కంప్యూటర్ తెర నీలంగా మారి ఆగిపోయింది.

ఆదిలాబాద్ నుంచి మహారాష్ట్ర వైపు పోయే రోడ్డు మీద ఒక జిన్నింగ్ మిల్లులో నేను కాంటా ఆపరేటర్‌ని. పత్తి బండి ఇనుప పలక మీదికి ఎక్కుతుంది, నేను బటన్ నొక్కుతాను, బయట ఎర్ర అంకెల బోర్డు మీద బరువు వెలుగుతుంది. పత్తి దించాక ఖాళీ బండిని మళ్ళీ తూస్తాను. రెండింటి తేడా ఆ రైతు పత్తి. ప్రతి తూకానికీ చిట్టీ మీద సంతకం పెట్టి ఇస్తాను. తొమ్మిదేళ్ళుగా ఇదే నా పని. అంతకు ముందు పదకొండేళ్ళు అదే మిల్లులో హమాలీని. గోడ లోపలే మాకు రెండు గదుల క్వార్టర్. నా భార్య హఫీజా పెళ్ళై వచ్చింది ఆ గదుల్లోకే. మా యుమ్నా పుట్టింది, పెరిగింది ఆ గదుల్లోనే. పత్తి సీజన్ వచ్చిందంటే అన్నంలో, పరుపులో, కనురెప్పల మీద కూడా నూగు.

కంప్యూటర్‌ని మూడుసార్లు ఆపి మళ్ళీ వేశాను. మూడోసారి లేచింది, పది నిమిషాలకు మళ్ళీ పడిపోయింది. ఆ తూకం ప్రోగ్రాం పెట్టినాయన నాగపూర్ మనిషి. ఫోన్ చేస్తే ఆ నంబరే లేదంది. బయట హారన్లు మోగుతున్నాయి. మిల్లు యజమాని దామోదర్‌రావు, మా అందరికీ రావుసాబ్, గది గుమ్మంలో నిలబడి లోపలికి చూశాడు. ఆయన గొంతెత్తి మాట్లాడే మనిషి కాదు.

"ఏం జేస్తవో జెయ్యి ముకర్రం. పొద్దు మూకేలోపట కాంటా నడువాలె," అన్నాడు. రోడ్డు మీది బండ్ల వరుస వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడు.

యుమ్నా ఊళ్ళోనే పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ డిప్లొమా రెండో సంవత్సరం. ఆ రోజు సెలవు. నేను పిలవకముందే పెన్‌డ్రైవ్ పట్టుకుని వచ్చింది.

"అబ్బా, గీ విండోసు పాతదైపొయ్యింది. వైరస్ గూడ పట్టింది. లినక్స్ ఏస్త," అంది.

"అదేంది?"

"గిది గూడ గసుంటిదే. కని దీనికి మాలికంటూ ఎవ్వలు లేరు. లోపట ఏమున్నదో ఎవలన్న తెరిచి చూడొచ్చు, మార్చుకోవచ్చు. పాత మిషన్ మీద గూడ మంచిగ ఉరుకుతది."

"పాతది మొత్తానికే పోతదా?"

"పోదు. పక్కకు ఉంచుత. మిషన్ ఆన్ జేశినప్పుడు ఏది గావాలంటే అది ఎంచుకో."

గంటన్నర పట్టింది. తెర మీద కొత్త రంగులు వచ్చాయి. అసలు చిక్కు తరువాత తెలిసింది. నాగపూర్ ఆయన ప్రోగ్రాం ఇందులో నడవదు. యుమ్నా మాత్రం గోడ మీది ఇనుప డబ్బా వైపు చూస్తోంది. అందులో తూకం మీటరు ఉంటుంది. డబ్బా తాళంచెవి రావుసాబ్ దగ్గర. దాని నుంచి ఒక నల్ల తీగ కంప్యూటర్ వెనక్కి వస్తుంది. బయటి బోర్డుకు అంకె పంపేది కంప్యూటరే.

ఆమె ఏదో టైపు చేసింది. తెర మీద అంకెలు వానచుక్కల్లా ఒకదాని కింద ఒకటి పడసాగాయి. పలక మీద బండి లేదు కనుక అన్నీ సున్నాలే. నన్ను బయటికి పోయి పలక మీద నిలబడమంది. నిలబడ్డాను. లోపలి నుంచి నవ్వుతూ అరిచింది: "డెబ్బై!"

లోపలికి వచ్చాక చెప్పింది. "మీటరు ఊకోదబ్బా. సెకనుకు పదిసార్లు బరువెంతనో చెప్తనే ఉంటది. మనం ఇంటలేం, గంతే."

నలభై వరుసల చిన్న ప్రోగ్రాం రాసింది. మీటరు చెప్పిన అంకె తీసుకోవడం, బోర్డుకు పంపడం, చిట్టీ కొట్టడం, అంతే. పై వరుసలో ఇంగ్లీషులో తన పేరు రాసుకుంది. ఒక్కో వరుస ఏం చేస్తుందో నాకు చదివి చెప్పింది. నేను పదో తరగతి తప్పినవాణ్ణి. అయినా అర్థమైంది. తొమ్మిదేళ్ళు బటన్ నొక్కడమే తప్ప దాని వెనక ఏముందో చూడని నాకు, కూతురి పక్కన కూర్చుని ఆ నలభై వరుసలు చదివిన మధ్యాహ్నం పండగలా ఉండింది. మూడింటికి మొదటి ట్రాక్టర్ ఎక్కింది. ఆ సీజన్‌లో నేను గుండె నిండా నవ్వింది ఆ ఒక్క రోజే.

*

మూడు రోజులు బాగా నడిచింది. నాలుగో రోజు ప్రింటర్ మొరాయించింది. బోర్డు మీద బరువు వస్తోంది కానీ చిట్టీ మీద గీతలు తప్ప అక్షరాలు పడడం లేదు. యుమ్నా కాలేజీకి పోయింది.

ఆ సమయానికి పలక మీద ఒక బొలెరో ఉంది. అందులో పత్తి ఇంద్రవెల్లి దగ్గరి పల్లె నుంచి వచ్చిన సక్కుబాయిది. యాభై దాటిన మనిషి, తలకు తువ్వాలు చుట్టుకుని బండి పక్కనే నిలబడింది. రెండు రోజులుగా వరుసలో ఉందట. బోర్డు మీద 2900 అని వెలుగుతోంది.

"చిట్టీ కొట్టేందుకు జర పాత మిషన్ ఏస్తనమ్మా, ఆగు," అని కంప్యూటర్‌ని ఆపి పాత విండోసులోకి వేశాను. అదృష్టం కొద్దీ లేచింది. కొనుగోలు, నిండు బండి అన్న బటన్ నొక్కాను.

బోర్డు మీద 2870 వచ్చింది.

మళ్ళీ నొక్కాను. అదే అంకె. బయటికి వచ్చి చూశాను. బండి కదల్లేదు. డ్రైవర్ దూరంగా చెట్టు కింద బీడీ తాగుతున్నాడు. గాలి కూడా లేదు.

"ఏంది సాయబూ," అంది సక్కుబాయి. "బండి ఉన్నకాన్నే ఉండె. ముప్పై కిలోలు యాడికి వొయ్యె?"

"మిషన్ కదమ్మా. ఒక్కోసారి..."

ఆ మాట పూర్తి చేయలేదు. లోపలికి పోయి మళ్ళీ లినక్స్ వేశాను. 2900. మళ్ళీ పాతది. 2870. పాత ప్రోగ్రాంలో 'అమ్మకం' అని ఇంకో బటన్ ఉంటుంది, గింజ తీసి కట్టిన దూది బేళ్ళ లారీలు బయటికి పోయేటప్పుడు నొక్కేది. ఎందుకు తోచిందో, అదే బండికి ఆ బటన్ నొక్కాను. 2900.

కుర్చీలో కూర్చున్నాను. కొనేటప్పుడు నూటికి ఒక కిలో తక్కువ; కాంటా పదుల్లోనే చూపిస్తుంది కనుక ఇరవై తొమ్మిది ముప్పై అయింది. అమ్మేటప్పుడు సరైన తూకం. ఖాళీ బండికి కోత లేదు, నిండు బండికే. అందుకే కోసిందంతా రైతు పత్తిలోంచే పోతుంది.

నాకు ముందు ఏమీ తెలియదని చెప్పను. రైతులు గొణగడం ఏటా వినేవాణ్ణి. 'ఇంటికాడ తూస్తే ఇంకా ఎక్కువుండె సాయబూ' అని ఎవరో ఒకరు అనేవారు. 'మిషన్ అబద్ధం చెప్పదు' అని నేను అనేవాణ్ణి. ఎన్ని వందల సార్లు అన్నానో. అది నిజమో కాదో చూడాలని ఒక్కసారీ అనుకోలేదు. అనుకోకపోవడమే నాకు సుఖంగా ఉండింది.

సక్కుబాయి కిటికీ ఊచలు పట్టుకుని లోపలికి చూస్తోంది.

"ముప్పై కిలోలంటె మా కోడలు పొద్దంత నడుమొంచి ఏరిన పత్తి," అంది. కోపంగా కాదు, నాకు తెలియదేమో అని చెబుతున్నట్టు.

చిట్టీ పుస్తకం తీసి చేత్తో రాశాను. 2900. కింద సంతకం చేసి ఇచ్చాను. ఆమె దాన్ని మడిచి బొడ్లో దోపుకుంది.

*

సాయంత్రం ఐదింటికి దామోదర్‌రావు కాంటా గదిలోకి వచ్చాడు. ఆయన ఎప్పుడూ గుమ్మంలోనే నిలబడేవాడు. ఆ రోజు స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"కొత్తది మంచిగున్నది. నీ బిడ్డ జేశిందంట గదా. హుషారు పిల్ల."

"అవును రావుసాబ్."

"పాతదాంట్ల ఒకటున్నది, ఇండ్ల లేదు. నాలుగు దినాల సంది చూస్తున్న." తెర వైపు చూస్తూ నెమ్మదిగా అన్నాడు. "అది కలుపు."

నేను చిట్టీ పుస్తకం మూసి పక్కన పెట్టాను.

"తేమ ఉంటది, చెత్త ఉంటది, రాళ్ళుంటయి. అన్ని మిల్లులల్ల ఉన్నదే. నేను కొత్తగ జేస్తున్ననా?"

"నాకు రాదు రావుసాబ్. నేను బటన్ నొక్కుడే."

"నీకు రాకుంటె బిడ్డకొస్తది గద. నేనే అడుగుతతియ్యి. నన్ను పెదబాపు అంటది, కాదనదు."

ఆయన ఆ మాట బెదిరిస్తున్నట్టు అనలేదు. యుమ్నా పుట్టినప్పుడు ఆస్పత్రికి తన జీపు పంపిన మనిషి ఆయన. పండక్కి ఆమెకు బట్టలు పంపేవాడు. ఆయన అడిగితే ఆమె నిజంగానే రాసేది.

"వద్దు రావుసాబ్. నేనే చూస్త," అన్నాను.

ఆయన లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, బయట పలక మీదికి ఎక్కుతున్న ట్రాక్టర్‌ని చూస్తూ అన్నాడు.

"పరేషాన్ గాకు. తొమ్మిదేండ్ల సంది నడుస్తున్నదే. చిట్టీల మీద నీ సంతకాలే ఉన్నయి. ఎవ్వడన్న అడిగిండా?"

ఆయన పోయాక ఆ మాట చాలాసేపు గదిలోనే ఉంది. చిట్టీల మీద ఉన్నవి నా సంతకాలే. ఆయనది ఒక్కటీ లేదు.

ఆ మరునాడు యుమ్నా కాలేజీకి పోయాక ప్రోగ్రాం తెరిచాను. ఆమె చదివి చెప్పిన వరుసలు గుర్తున్నాయి. బరువు తీసుకునే వరుస పద్నాలుగోది. దాని కింద ఒక వరుస రాశాను. నిండు బండి అయితే బరువులోంచి నూరో వంతు తీసెయ్. మొదటిసారి తప్పు వచ్చింది. ఒక చుక్క మరిచాను. రెండోసారి సరిగ్గా పనిచేసింది. కూతురి దగ్గర నేర్చుకున్న విద్యతో నేను సొంతంగా రాసిన మొదటి వరుస అది.

యుమ్నాను దీంట్లోకి రానివ్వకూడదని రాశాను. అప్పుడు అలా అనుకున్నాను. ఇప్పటికీ అందులో సగం నిజం ఉందనే అనుకుంటాను. మిగతా సగం ఆ రెండు గదులు.

హఫీజాకు ఆ రాత్రి అన్నం దగ్గర చెప్పాను. ఆమె మిల్లు ఆడవాళ్ళకు జాకెట్లు కుట్టేది, ఇంటి వెనక కోళ్ళు పెంచేది. ఇరవై ఏళ్ళలో ఆ కాంపౌండ్ బయట మాకంటూ గజం జాగా లేదు. పళ్ళెం పక్కకు జరిపింది.

"యుమ్నాకు చెప్పకు," అంది. "చదువు అయ్యేదాంక ఆగు యుమ్నా అబ్బా. ఇంకో ఏడాదిన్నరే గద."

ఆ నెలంతా నేను గదిలోంచి బయటికి రావడం తగ్గించాను. ఇంతకు ముందు బండి ఎక్కినప్పుడల్లా బయటికి వచ్చి డ్రైవర్‌తో రెండు మాటలు మాట్లాడేవాణ్ణి. ఇప్పుడు కిటికీలోంచి చిట్టీ చాపడమే. క్వార్టర్ కిటికీ తెరిస్తే ఎదురుగా కాంటా. కాంటా కిటికీలోంచి చూస్తే ఎదురుగా క్వార్టర్. సాయంత్రం ఏడింటికి గేటుకు తాళం పడేది. ఇరవై ఏళ్ళుగా పడుతున్న తాళమే అది. ఆ నెలలోనే ఆ చప్పుడు నా చెవిన పడింది.

*

నవంబర్ చివర్లో ఒక ఆదివారం, ప్రింటర్ పూర్తిగా బాగుచేస్తానని యుమ్నా వచ్చింది. నేను వద్దన్నాను. చేత్తో రాస్తే చాలన్నాను. ఆమె నవ్వి నా కుర్చీలో కూర్చుంది. దీన్నే ప్రాజెక్టుగా కాలేజీలో చూపిస్తానని, సార్ ఒప్పుకున్నాడని చెబుతూ ప్రోగ్రాం తెరిచింది.

మాట మధ్యలో ఆగింది.

నేను ఆమె వెనక నిలబడి ఉన్నాను. ఆమె ముఖం కనబడలేదు. తెర మీద పదిహేనో వరుస కనబడుతోంది.

"గిది ఎవలు రాశిండ్రబ్బా?"

"నేనే."

"ఎందుకు?" అని అడగలేదు. అడిగితే ఏదో చెప్పుకునేవాణ్ణి. ఆమె చేతులు బటన్ల మీద అలాగే ఉన్నాయి. బయట ఒక ట్రాక్టర్ వచ్చి ఇంజన్ ఆపకుండా నిలబడింది.

"రావుసాబ్ నిన్ను అడుగుతనన్నడు," అన్నాను. "నువ్వు రాయొద్దని..."

"సరే అబ్బా."

ప్రోగ్రాం పైకి పోయింది. మొదటి వరుసలో ఉన్న తన పేరును ఒక్కో అక్షరం చెరిపేసింది. తరువాత ప్రింటర్ సంగతి చూసింది. ఒక అరగంట కష్టపడి దాన్ని బాగుచేసింది. చిట్టీ మీద అక్షరాలు నల్లగా, శుభ్రంగా పడ్డాయి.

"నా పేరు తీశేశిన. తతిమ్మది నీ ఇష్టం," అని లేచింది.

ప్రాజెక్టు మార్చుకుంది. ఆ వారంలోనే, పరీక్షలకు చదువుకోవాలని కాలేజీ హాస్టల్‌కు మారింది. రోజూ సాయంత్రం తల్లికి ఫోన్ చేసేది. నేను ఫోన్ తీసుకుంటే, తిన్నవా అబ్బా, అని అడిగేది. తిన్న అనేవాణ్ణి. అక్కడితో అయిపోయేది.

*

సక్కుబాయి డిసెంబర్ రెండో వారంలో మళ్ళీ వచ్చింది. రెండో విడత పత్తి. కిటికీ దగ్గరికి వచ్చి, గుర్తుపట్టినవా సాయబూ, అంది. గుర్తుపట్టాను. ఆమె వెనక రోడ్డు మీద ఆరు బండ్లు ఉన్నాయి.

"మా ఊరోళ్ళు," అంది గర్వంగా. "ఎప్పుడు వేరే మిల్లుకు వోతుండ్రి. ఆడ కాంటల మోసం. ముకర్రం సాయబు దగ్గర అట్ల ఉండది, పాత మిషన్ ముప్పై కిలోలు తక్కువ చూపిచ్చినా ఆయన నాకు పూరా బరువు చేత్తోని రాశిచ్చిండు అని చెప్పిన. అందరిని తోలుకొచ్చిన."

బండిని పలక మీదికి రమ్మని చెయ్యి ఊపాను.

ఆమె బండి పలక మీదికి ఎక్కింది. మొదటిసారి బోర్డును కళ్ళు చికిలించి చూసిన మనిషి, ఈసారి బోర్డు వైపే చూడలేదు. డ్రైవర్‌తో ఏదో మాట్లాడుతూ, చిట్టీ కోసం చెయ్యి మాత్రం కిటికీలోకి చాపింది. ఆ చేతి వేళ్ళు పత్తి కాయల ముళ్ళకు చీరుకుపోయి ఉన్నాయి.

పదిహేనో వరుస చెరపడానికి నాకు అర నిమిషం చాలు. దామోదర్‌రావు యార్డులో, ఇరవై అడుగుల దూరంలో, కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నా వైపు చూడడం కూడా లేదు. ఆయనకు ఆ అవసరం లేదు.

బటన్ నొక్కాను. చిట్టీ వచ్చింది. ఆ చేతిలో పెట్టాను. ఆ తరువాత ఆరు బండ్లు ఎక్కాయి, దిగాయి. ఆరుగురికీ చిట్టీలు ఇచ్చాను. పోయేటప్పుడు సక్కుబాయి ఒక గుడ్డ మూటలో కందికాయలు కిటికీలో పెట్టింది. "బిడ్డకు ఉడకవెట్టి ఇయ్యి," అంది.

గది తలుపు వేసుకుని నేను కూర్చున్నాను. ఏడవలేదు. ఏడుపు వస్తే బాగుండుననిపించింది. తెలిసి, నా చేత్తో, ఒక్క చిట్టీ నిజం రాశాను. ఆ ఒక్క చిట్టీ చూసి ఒక ఊరు ఊరంతా నా చేతిలో మోసపోవడానికి నడిచి వచ్చింది.

ఇంటికి పోయి కందికాయల మూట హఫీజాకు ఇచ్చి, ఎవరిచ్చారో చెప్పాను. అంతా చెప్పాను. ఆమె మిషన్ మీద కుడుతున్న జాకెట్ ఆపింది. దాన్ని ఒళ్ళోకి తీసుకుని అంది:

"యుమ్నా పొయ్యి పదిహేను దినాలాయె. ఫోన్ల మంచిగనే మాట్లాడుతది. ఇంటికి రా అంటే వస్త అమ్మీ అంటది. రాదు." దారం కొరికింది. "గీ ఇల్లు ఆ పిల్ల కోసమే గద పట్టుకున్నం."

పొద్దున నేను లేచేసరికి రెండు సంచులు సర్ది ఉన్నాయి. కోళ్ళను పక్క క్వార్టర్ కనకవ్వకు ఇచ్చేసింది.

*

ఆ పొద్దునే తూనికలు, కొలతల ఆఫీసుకు పోయాం. ప్రోగ్రాం మొత్తం ఒక కాగితం మీద కొట్టించి, పెన్‌డ్రైవ్‌లో కూడా పెట్టుకున్నాను. అక్కడి అధికారి పేరు రామచంద్రం. కళ్ళద్దాలు పైకి నెట్టుకుని ఆ కాగితం చదివాడు. ఆయనకు కంప్యూటర్ పెద్దగా తెలియదు. పదిహేనో వరుస దగ్గరికి వచ్చి, గిదేంది, అన్నాడు. చెప్పాను. రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు.

"ఇది మీ యజమాని రాశిండా?"

"కాదు సార్, నేను రాశిన. ఆయన రాయమన్నడు."

"దానికి సాక్ష్యమున్నదా?"

"లేదు సార్."

"పాత మిషన్ల గూడ కోత ఉండె అంటున్నవు. బటన్ నొక్కిందెవలు?"

"నేనే."

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "నువ్వు ఇది రాసిస్తే మొట్టమొదలు ఇరుక్కునేది నువ్వే. తెలుసా? ఆలోచించుకుని రేపు రా."

"రేపు రాను సార్," అన్నాను. "రేపు రాలేను."

నాలుగు పేజీలు రాశాను. చెయ్యి నొప్పి పుట్టింది. హఫీజా వరండాలో సంచుల పక్కన కూర్చుని ఉంది.

తరువాత జరిగినవి చాలావరకు అనుకున్నట్టే జరిగాయి. మిల్లు కాంటాకు సీలు వేశారు. పద్దెనిమిది రోజులకు కొత్త మీటరుతో మళ్ళీ తెరిచారు. నేనే సొంతంగా మోసం చేశానని దామోదర్‌రావు రాసిచ్చాడు. కేసు నడుస్తోంది. అందులో నా పేరు ముందుంది, ఆయన పేరు నా కింద. సక్కుబాయి సాక్షిగా వచ్చింది. వరండాలో నా ఎదుటి బెంచీ మీదే గంటసేపు కూర్చుంది. నా దిక్కు చూడలేదు. మేము ఇప్పుడు మంచిర్యాల దగ్గరి నస్పూర్‌లో, హఫీజా తమ్ముడి ఇంటి పక్క గదిలో ఉంటున్నాం. నేను ఒక జిరాక్స్ దుకాణంలో పనిచేస్తాను. యుమ్నా సెలవులకు వస్తుంది. నా దుకాణంలోని కంప్యూటర్ నెమ్మదిగా ఉందని మొన్న తిట్టింది.

కానీ చెప్పాల్సింది ఆఫీసుకు పోయిన ఆ రోజు గురించే. నాలుగు పేజీలు రాసిచ్చి, మధ్యాహ్నం మంచిర్యాల బస్సు ఎక్కాం. కిటికీ పక్కన కూర్చున్నాను. హఫీజా సంచులు ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఎదురుగా పత్తి బండ్లు వస్తూనే ఉన్నాయి, ఆదిలాబాద్ వైపు. ఉట్నూర్‌లో బస్సు ఆగింది. పక్కన ఒక బొలెరో, నిండా పత్తి, పైన తాళ్ళు బిగించి ఉంది. దాని పక్కన ఒక ముసలి రైతు చాయ్ తాగుతున్నాడు.

ఊరికే నోటికొచ్చింది. "ఏ మిల్లుకు కాకా?"

ఆయన మా మిల్లు పేరు చెప్పాడు. "దూరమే. కని ఆడ ముకర్రం సాయబని ఒకాయన ఉన్నడట. కాంటా నిజంగ పెడతడట. ఇంద్రవెల్లోళ్ళు చెప్పిండ్రు."

కండక్టర్ ఈల వేశాడు. బస్సు కదలబోయింది.

నేను లేచి నిలబడ్డాను. హఫీజా కళ్ళు తెరిచి నా వైపు చూసింది, తరువాత కిటికీలోంచి ఆ బండి వైపు చూసింది. సంచులు తీసుకుని నా వెనకే దిగింది. బస్సు మమ్మల్ని వదిలేసి పోయింది.

ముసలాయన చాయ్ గ్లాసు పట్టుకుని, వీళ్ళెందుకు దిగారా అన్నట్టు చూస్తున్నాడు. దగ్గరికి పోయి నిలబడ్డాను.

"కాకా," అన్నాను, "ఆ ముకర్రం నేనే. జర నా మాట ఇను."